ఊక కాల్చి సూపర్ కెపాసిటర్ చేద్దామంటే బూడిద, జిగురు మిగిలాయి. ఎక్కడ తప్పింది?

ఊకదంపుడు:

అందరికీ నమస్తే. ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ మాది, ముగ్గురం ఉన్నాం. "వ్యవసాయ వ్యర్థాల నుంచి సూపర్ కెపాసిటర్ ఎలక్ట్రోడ్లు" అని టైటిల్ ఇచ్చేశాం (సూపర్ కెపాసిటర్ అంటే కార్బన్ రంధ్రాల గోడల మీద చార్జ్ దాచుకుని సెకన్లలో ఎక్కి దిగే పరికరం), సినాప్సిస్ కూడా వెళ్ళిపోయింది, ఇక వెనక్కి తగ్గే దారి లేదు. పేపర్లు తిరగేస్తే ప్రతివాళ్ళూ గ్రాముకి 300, 350 ఫారడ్లు (ఎంత చార్జ్ దాచుకోగలదో చెప్పే కొలత) వచ్చాయంటారు. చదువుతున్నప్పుడు ఊక కాల్చడమే కదా, ఇందులో ఏముంది అనిపించింది. కాల్చాక తెలిసింది.

చేసింది ఇది. వరి ఊకని కడిగి, ఆరబెట్టి, మిక్సీలో పొడి చేశాం. 20 గ్రాములు తూచి పింగాణీ క్రూసిబుల్‌లో పోసి, మూత పెట్టి, మూసిన పెట్టెలాంటి మఫిల్ ఫర్నేస్‌లో 700 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచాం. గాలిని బయటికి నెట్టే నైట్రోజన్ లైను ఆ ఫర్నేస్‌కి లేదు. చల్లారాక మూత తీస్తే పైన బూడిదరంగులో తెల్లటి పొర, దాన్ని స్పూన్‌తో పక్కకి తోస్తే కింద నల్లగా ఉంది. పైదీ కిందదీ కలిపి తూస్తే 6.2 గ్రాములు. అందులో 6 గ్రాములకి 6 గ్రాముల పొటాషియం హైడ్రాక్సైడ్ (కేఓహెచ్) బిళ్ళలు కలిపి నూరి, మళ్ళీ అదే ఫర్నేస్‌లో 700 దగ్గర గంటసేపు పెట్టాం. ఈసారి క్రూసిబుల్ లోపలి మెరుపంతా పోయి గరుకుగా అయింది, పొడి అడుగున అతుక్కుపోయింది. గీరి తీసి, క్షారం పోవాలని నేరుగా డైల్యూట్ హైడ్రోక్లోరిక్ యాసిడ్ పోశాం. ఫిల్టర్ పేపర్ మీద ఏదో జిగురులాంటిది నిలిచిపోయింది. లీటరు నీళ్ళు దిగడానికి సాయంత్రమైంది. చివరికి చేతికొచ్చింది 2.1 గ్రాములు.

దాన్ని పొడి పట్టి ఉండేందుకు వాడే పీవీడీఎఫ్ అనే ప్లాస్టిక్ బైండర్‌తో కలిపి స్పాంజిలా ఉండే నికెల్ ఫోమ్ మీద పూసి, 6 మోలార్ కేఓహెచ్‌లో త్రీ ఎలక్ట్రోడ్ సెటప్‌లో చూస్తే గ్రాముకి 64 ఫారడ్లు. గైడ్ గారు "అంతేనా?" అన్నారు. అంతకు మించి ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ టెన్షన్ పెడుతోంది.

ఎక్కడ తప్పాం? మా టీమ్‌లో ఒకడు సూపర్ కెపాసిటర్ వదిలేసి ఇదే పొడిని సోడియం అయాన్ బ్యాటరీలో పెడదాం అంటున్నాడు, అది పనవుతుందా? డెమోకి కనీసం ఒక ఎల్ఈడీ వెలిగించి చూపించాలని ఆశ. ఇంకో మాట, ఇదంతా నిజంగా ఎవరికైనా పనికొస్తుందా, పేపర్ల కోసమేనా? ఊకదంపుడు అని పేరు పెట్టుకున్నందుకు పోస్ట్ కూడా అలాగే పొడుగైంది, క్షమించండి.


నల్లచేతులు:

తమ్ముడూ, నీ పోస్ట్‌లో అన్నిటికన్నా విలువైన వాక్యం ఫిల్టర్ మీద జిగురు నిలిచింది అన్నదే. దాంతో కేసు సగం తేలిపోయింది. చాలామంది ఆ ముక్క రాయరు, "యాసిడ్‌తో కడిగాం" అని రాసి వదిలేస్తారు.

ఊక మామూలు కట్టెపొడి కాదు. ఎండిన ఊక బరువులో 15 నుంచి 20 శాతం దాకా బూడిదే, ఆ బూడిదలో 90 శాతం పైగా సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. మొక్క నేలలోంచి పీల్చుకుని ఊక పైపొరలో దాచుకుంటుంది. ఇప్పుడు నీ లెక్కే చూద్దాం. బూడిద 18 శాతం అనుకుంటే 20 గ్రాముల ఊకలో అది 3.6 గ్రాములు. ఎంత కాల్చినా అది ఎక్కడికీ పోదు. నీకు వచ్చిన 6.2 గ్రాముల్లో 3.6 అదే, కార్బన్ అని చెప్పుకోవాల్సింది 2.6 గ్రాములే. గాలి తగలకుండా కాల్చి ఉంటే మొత్తం ఏడున్నర గ్రాముల దగ్గర ఉండేది. తక్కువ పడ్డ ఆ గ్రాము చిల్లర పై పొరలో కాలిపోయిన కార్బన్, అది పోగా మిగిలిన బూడిదే నువ్వు చూసిన తెల్లదనం.

ఇక అసలు దొంగ. కేఓహెచ్ కార్బన్‌లో రంధ్రాలు తొలుస్తుందని కదా కలిపావు. కానీ దానికి కార్బన్ కన్నా ముందు దొరికింది సిలికా. సిలికాతో కలిస్తే పొటాషియం సిలికేట్ అవుతుంది. 60 గ్రాముల సిలికాకి 112 గ్రాముల కేఓహెచ్ పడుతుంది, అంటే గ్రాముకి దాదాపు 1.87. నీ 6 గ్రాముల పొడిలో సిలికా మూడున్నర, అది మింగగలిగే కేఓహెచ్ ఆరున్నర. నువ్వు వేసిందే ఆరు, అందులోనూ బిళ్ళల్లో 15 శాతం దాకా నీరే ఉంటుంది కాబట్టి నిజానికి ఐదు చిల్లర. అంటే కార్బన్ దాకా చేరింది ఏమీ లేదనే చెప్పొచ్చు. మిగిలినదేదైనా ఉంటే పింగాణీ క్రూసిబుల్ తినేసింది, దానిలోనూ సిలికా, అల్యూమినానే కదా.

తర్వాత జిగురు. పొటాషియం సిలికేట్ నీళ్ళలో కరుగుతుంది. ముందు వేడినీళ్ళతో నాలుగైదు సార్లు కడిగి ఉంటే చాలావరకు వెళ్ళిపోయేది. మీరు నేరుగా యాసిడ్ పోశారు, సిలికేట్ కాస్తా సిలికా జెల్ అయి ఫిల్టర్ రంధ్రాలన్నీ మూసేసింది. మొదట్లో నేనూ ఇదే చేశాను. రాత్రి పదింటిదాకా బుక్నర్ ఫన్నెల్ (పంపుతో లాగి వడకట్టే గరాటు) పక్కనే కూర్చుని, చుక్క చుక్క లెక్కపెట్టి, పంపు పాడైందనుకుని పంపు కూడా విప్పాను.

కాబట్టి వరస మార్చండి. మొదట 500, 550 డిగ్రీల దగ్గర గాలి లేకుండా బొగ్గు చేయండి. మరీ ఎక్కువ వేడిలో కాలిస్తే సిలికా స్ఫటికంలా గట్టిపడి తర్వాత ఒక పట్టాన కరగదు. ఆ బొగ్గుని 2 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌లో 90 డిగ్రీల దగ్గర మూడు నాలుగు గంటలు కలుపుతూ ఉడికించండి. గాజు బీకరు వద్దు, గాజు కూడా సిలికానే, స్టీలు గిన్నె వాడండి. వేడిగా ఉండగానే వడకట్టి వేడినీళ్ళతో కడగండి, ఆ తర్వాతే యాసిడ్. అప్పుడు మిగిలిన నల్లపొడికి బరువులో మూడు రెట్ల కేఓహెచ్.

ఒక హెచ్చరిక, దీన్ని దాటేసి చదవొద్దు. కేఓహెచ్ కార్బన్‌తో చర్య జరిపితే పొటాషియం కార్బొనేట్‌తో పాటు హైడ్రోజన్, పొటాషియం లోహం కూడా పుడతాయి. పొటాషియం 760 డిగ్రీల దగ్గర మరిగి ఆవిరవుతుంది, ట్యూబ్ ఫర్నేస్ (నైట్రోజన్ పారించగలిగే గొట్టం కొలిమి) చల్లటి చివర పేరుకుంటుంది. సరిగ్గా చల్లారకుండా తెరిచినా, మీద నీళ్ళు పోసినా మంట లేస్తుంది. నైట్రోజన్ పారుతుండగానే గది ఉష్ణోగ్రతకి రానివ్వాలి, అవసరమైతే రాత్రంతా అలాగే వదిలేయాలి. తర్వాత ఫ్యూమ్ హుడ్‌లో, ముఖానికి షీల్డ్ పెట్టుకుని, కొంచెం కొంచెంగా తడపాలి. మఫిల్ ఫర్నేస్‌లో కేఓహెచ్ ఇంకెప్పుడూ పెట్టకండి. నికెల్ బోటు, ట్యూబ్ ఫర్నేస్, పక్కన తెలిసినవాళ్ళు ఒకరు. మూడూ దొరికితేనే చేయండి.


అర‌సీవీస్క్వేర్:

పైన చెప్పింది కెమిస్ట్రీ. నేను కొలతల మనిషిని, కాబట్టి కాస్త కటువుగా మాట్లాడతాను.

64 వచ్చిందని బాధపడుతున్నారు, ఆ 64 కూడా నిజమో కాదో చూశారా? నికెల్ ఫోమ్‌ని ఖాళీగా, ఏమీ పూయకుండా, అదే కేఓహెచ్‌లో అదే వోల్టేజీ రేంజ్‌లో ఒకసారి నడపండి. నికెల్ పైన హైడ్రాక్సైడ్ పొర ఏర్పడి అది కూడా చార్జ్ దాచుకుంటుంది. మీరు ఒక మిల్లీగ్రాము పొడి పూసి, ఫోమ్ ఇచ్చిన చార్జ్‌ని కూడా ఆ మిల్లీగ్రాము ఖాతాలో రాసుకుంటే అంకె ఎంతైనా ఉబ్బుతుంది. 350 అని చూసి కుళ్ళుకుంటున్న పేపర్లలో కొన్నిటికి ఇదే రహస్యం. ముందు మాస్ లోడింగ్, అంటే ఎంత పొడి పూశారో చూడండి. చదరపు సెంటీమీటరుకి ఒక మిల్లీగ్రాము కన్నా తక్కువంటే ఆ అంకెని సగం చెవితోనే వినండి. అమ్మకానికి చేసే సెల్‌లో అది 10 మిల్లీగ్రాముల దగ్గర ఉంటుంది, పూత కూడా 100 మైక్రాన్ల పైన. అంత మందంలో అయాన్లు లోపలి దాకా వెళ్ళి రావాలి, అక్కడ తెలుస్తుంది ఎవరి కార్బన్ సత్తా ఎంతో. ఇంకోటి, గాఢమైన క్షారంలో పీవీడీఎఫ్ బైండర్ మెల్లగా పాడవుతుంది, పీటీఎఫ్ఈకి (టెఫ్లాన్) మారండి.

రెండోది త్రీ ఎలక్ట్రోడ్ మాయ. అక్కడ కొలిచేది ఒక్క ఎలక్ట్రోడ్‌ని. నిజమైన సెల్‌లో రెండు ఎలక్ట్రోడ్లు సీరీస్‌లో ఉంటాయి, కాబట్టి కెపాసిటెన్స్ సగమవుతుంది, బరువేమో రెట్టింపు. మొత్తం మీద గ్రాముకి నాలుగో వంతు. 200 ఫారడ్లు అన్నది సెల్‌లో 50. నీళ్ళ ఎలక్ట్రోలైట్‌లో ఒక వోల్టు దాకా వెళ్తే, శక్తి అంటే కెపాసిటెన్స్‌లో సగాన్ని వోల్టేజీ వర్గంతో గుణించడమే కాబట్టి, 50లో సగం 25 జౌళ్ళు, దాన్ని 3.6తో భాగిస్తే కిలోకి 7 వాట్ అవర్లు. అదీ కార్బన్ బరువు ఒక్కటే లెక్కేస్తే. రేకు, సెపరేటర్ (రెండు ఎలక్ట్రోడ్ల మధ్య పెట్టే పొర), ద్రవం, డబ్బా కలిపితే మూడు నాలుగు రెట్లు ఇంకా తగ్గుతుంది. లిథియం అయాన్ సెల్ 150 నుంచి 250 దాకా ఇస్తుందని గుర్తుంచుకోండి. సూపర్ కెపాసిటర్ బలం అక్కడ కాదు, సెకన్లలో ఎక్కి దిగడంలో, లక్షల సార్లు అలా చేసినా అలసిపోకపోవడంలో ఉంది. మార్కెట్లో ఉన్నవి ఆర్గానిక్ ఎలక్ట్రోలైట్ ఎందుకు వాడతాయో కూడా ఇక్కడే అర్థమవుతుంది. వోల్టేజీ 2.7 అయితే వర్గం 7.3, కెపాసిటెన్స్ సగానికి తగ్గినా లాభమే. గోగోట్సీ, సైమన్ ఇద్దరూ 2011లో సైన్స్ పత్రికలో ఈ అంకెల గారడీ గురించే రాశారు. రెండు మూడు పేజీలే, మీ ముగ్గురూ కూర్చుని చదవండి, వైవాకి కూడా పనికొస్తుంది.

సర్ఫేస్ ఏరియా పిచ్చి కూడా తగ్గించుకోండి. చదరపు సెంటీమీటరుకి 10 మైక్రోఫారడ్లు అనుకుంటే గ్రాముకి 1500 చదరపు మీటర్లున్న కార్బన్ 150 ఫారడ్లు ఇవ్వాలి. ఏరియా 3000 చేస్తే 300 వస్తుందా అంటే సాధారణంగా రాదు, రంధ్రాల మధ్య గోడలు మరీ పలచబడి గోడే చార్జ్ పట్టలేకపోతుంది. పైగా పొడి తేలికైపోయి డబ్బాలో పట్టేది తగ్గుతుంది. ఒక నానోమీటరు కన్నా చిన్న రంధ్రాల్లో కెపాసిటెన్స్ ఊహించనంత పెరుగుతుందని 2006లో తేలింది. అప్పటిదాకా అయాన్ తన చుట్టూ ఉన్న ద్రావణి కవచంతో సహా పట్టాలి కదా అని, ఇరుకు రంధ్రాలు వృథా అనుకునేవాళ్ళు. తీరా చూస్తే అయాన్ ఆ కవచాన్ని కొంత వదిలించుకుని మరీ దూరుతోంది. కాబట్టి ఎంత ఏరియా అనే కన్నా ఎంత సైజు రంధ్రాలు అన్నది చూడండి.

ఎల్ఈడీ సంగతి. ఎర్ర ఎల్ఈడీకి 2 వోల్టుల దగ్గర కావాలి, మీ సెల్ ఒక్కోటి ఒక వోల్టు. మూడు సీరీస్‌లో పెట్టండి. ఒక్కో సెల్ 0.6 ఫారడ్ చేయగలిగితే మూడూ కలిపి 0.2. 3 వోల్టుల నుంచి 2 దాకా దిగేలోపు 0.2 కూలంబ్ ఇస్తుంది, 2 మిల్లీ ఆంపియర్లు లాగితే 100 సెకన్లు. డెమోకి చాలు. చార్జ్ చేసి పది నిమిషాలు ఊరికే ఉంచి వోల్టేజీ ఎంత పడిందో కూడా చూపించండి, అది చూపించే స్టూడెంట్లు తక్కువ. ఇనుము లాంటి మలినాలు మిగిలి ఉంటే అక్కడే బయటపడుతుంది, మీరు మిక్సీ బ్లేడుతో నూరారు కూడా.


ఉప్పుబ్యాటరీ:

సోడియం అన్న ఆ మూడో మిత్రుడికి నా వైపు నుంచి శభాష్ చెప్పండి, కానీ అదే పొడిని పెడదాం అన్నందుకు ఒక మొట్టికాయ కూడా వేయండి.

సూపర్ కెపాసిటర్‌కి కావాల్సిన కార్బన్, సోడియం అయాన్‌కి కావాల్సిన కార్బన్ ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. మొదటిదానికి రంధ్రాలు తెరుచుకుని ఉండాలి, ఎలక్ట్రోలైట్ లోపలంతా తడవాలి. రెండోదానికి రంధ్రాలు లోపల ఉండాలి కానీ తలుపులు మూసి ఉండాలి, ద్రవం దూరకూడదు, సోడియం మాత్రమే కార్బన్ పొరల్లోంచి దారి చేసుకుని లోపలికి పోవాలి. దీన్నే హార్డ్ కార్బన్ అంటారు. గ్రాఫైట్ లిథియంని గ్రాముకి 372 మిల్లీ ఆంపియర్ అవర్ల దాకా పట్టుకుంటుంది గానీ సోడియం దానిలో సరిగ్గా కుదురుకోదు, అందుకే ఈ గోలంతా. 2000లో స్టీవెన్స్, డాన్ అనే ఇద్దరు గ్లూకోజ్‌ని కాల్చి చేసిన హార్డ్ కార్బన్‌లో సోడియం 300 దాకా నిలుస్తుందని చూపించారు. పేకముక్కల్ని అడ్డదిడ్డంగా నిలబెట్టినట్టు పొరలు, మధ్యలో ఖాళీలు అని బొమ్మ గీశారు. ఆ బొమ్మ మీద ఇప్పటికీ వాదనలు నడుస్తూనే ఉన్నాయి.

దానికి కేఓహెచ్ అస్సలు వద్దు. 1200 నుంచి 1400 డిగ్రీల దాకా, ఆర్గాన్‌లో, నెమ్మదిగా వేడి చేయాలి. సర్ఫేస్ ఏరియా గ్రాముకి పది చదరపు మీటర్ల లోపు ఉంటే సంతోషం. ఎందుకంటే మొదటి చార్జ్‌లో ఎలక్ట్రోలైట్ కార్బన్ పైన విరిగి ఒక పొర కడుతుంది, పైభాగం ఎంత ఎక్కువుంటే అంత సోడియం ఆ పొరకే పోతుంది, మళ్ళీ తిరిగి రాదు. సెల్‌లో సోడియం అంతా కేథోడ్ నుంచే రావాలి, అది కొలిచి పోసినట్టు ఉంటుంది, మొదటి రోజే సగం పోగొట్టుకుంటే ఇక బ్యాటరీ ఏముంది? గ్రాముకి 2000 చదరపు మీటర్ల యాక్టివేటెడ్ (రంధ్రాలు తొలిచిన) కార్బన్ పెట్టి చూస్తే ఆ మొదటి సైకిల్‌లోనే సగానికి పైగా పోయినా ఆశ్చర్యపోను.

మీ మఫిల్ ఫర్నేస్ 1100 దాటుతుందా? దాటకపోతే ఈ ఆలోచన ఇప్పటికి పక్కన పెట్టండి. సోడియం సెల్ కట్టడానికి ఆర్గాన్ గ్లోవ్ బాక్స్ (గాలి తగలకుండా పనిచేసే పెట్టె) కూడా కావాలి. ఒక సెమిస్టర్‌లో అయ్యే పని కాదు.

ఒక సరదా విషయం చెప్పి ఊరుకుంటాను. వ్యవసాయ వ్యర్థం బ్యాటరీలోకి రావడం కొత్తేమీ కాదు. సోనీ 1991లో లిథియం అయాన్ బ్యాటరీ మార్కెట్లోకి తెచ్చింది, మొదట కోక్ (ఒక రకం కార్బన్) వాడినా తర్వాత యానోడ్‌కి పాలీఫర్‌ఫ్యూరిల్ ఆల్కహాల్ అనే రెసిన్ నుంచి చేసిన హార్డ్ కార్బన్ వాడారు. ఆ రెసిన్‌కి మూలం ఫర్‌ఫ్యూరల్ అనే రసాయనం, దాని కుటుంబం అంతా మొక్కజొన్న కండెలు, చెరకు పిప్పి, ఓట్స్ పొట్టు లాంటి వాటిలోని హెమిసెల్యులోజ్ నుంచి వచ్చేదే. 1920ల నుంచే ఓట్స్ పొట్టుతో ఫర్‌ఫ్యూరల్ ఫ్యాక్టరీ స్థాయిలో చేస్తున్నారు. అంటే కండెల వారసులు ఎప్పుడో క్యామ్‌కార్డర్లలో తిరిగారన్నమాట.


గట్టుమీదమనిషి:

పొలం పని, ఫ్యాక్టరీ పని రెండూ చూసినవాణ్ణి. చివర్లో ఎవరికైనా పనికొస్తుందా అని అడిగావు, దానికెవరూ జవాబు చెప్పలేదు.

"వ్యర్థం" అన్న మాట దగ్గరే నాకు పేచీ. వరిగడ్డి పశువులు తింటాయి, ఊక బాయిలర్లలో మండుతుంది, పిప్పి చక్కెర ఫ్యాక్టరీనే నడుపుతుంది. పొలంలో దున్నేసిన మోడు కూడా పొటాషియంని తిరిగి నేలకే ఇస్తుంది. ఎవరికీ అక్కర్లేక పడి ఉన్నది మీరనుకున్నంత లేదు. ఉన్నచోట కూడా అది చెల్లాచెదురుగా, తడిగా, ఏడాదిలో కొన్ని వారాలే దొరుకుతుంది. విడిగా ఉన్న ఊక ఘనపు మీటరుకి వంద కిలోల చిల్లరే తూగుతుంది, అంటే లారీ నిండా వేస్తే గాలినే మోస్తున్నట్టు లెక్క.

అందుకే యాక్టివేటెడ్ కార్బన్‌లో కొబ్బరి చిప్ప గెలిచింది. గట్టిగా, బరువుగా ఉంటుంది, లిగ్నిన్ (చెక్కకి గట్టితనమిచ్చే పదార్థం) ఎక్కువ, బూడిద ఒక శాతం అటూ ఇటూ, పైగా కొబ్బరి ఒలిచే చోట కుప్పగా దొరుకుతుంది. ఇవాళ అమ్ముడవుతున్న సూపర్ కెపాసిటర్లలో కార్బన్ చాలావరకు దాని నుంచి వచ్చిందే, అదీ ఆవిరితో యాక్టివేట్ చేసింది. ఆవిరి ఎందుకంటే కేఓహెచ్ లెక్క చూడండి. బొగ్గుకి మూడు రెట్లు వేసి, చివరికి ఆ బొగ్గులో సగం మిగిలితే, కిలో కార్బన్‌కి ఆరు కిలోల క్షారం. దాన్ని కడగడానికి నీళ్ళు, ఆ నీళ్ళని శుద్ధి చేయడానికి ఇంకో ప్లాంటు. దీనికి "గ్రీన్" అని పేరు పెట్టి పోస్టర్ వేస్తారు.

ఊకలో ఒక్క మంచి ఏమిటంటే మిల్లు దగ్గర ఇప్పటికే పోగై ఉంటుంది, పొలం పొలం తిరిగి ఏరక్కర్లేదు. దాని ముఖం చూసి మీ టైటిల్‌ని క్షమిస్తున్నాను.


నల్లచేతులు:

గట్టుమీదమనిషి గారూ, కేఓహెచ్ మీద మీరన్నది నూటికి నూరు శాతం ఒప్పుకుంటాను, ఆ కడిగిన నీళ్ళు నా చేతుల మీదుగానే పోయాయి. కానీ ఊక విషయంలో మీరు బాయిలర్‌నీ కార్బన్‌నీ పోటీ పెడుతున్నారు, అలా పెట్టక్కర్లేదు. ఊక బొగ్గు చేసేటప్పుడు సగానికి పైగా బరువు ఆవిరిగా, మండే గ్యాసుగా బయటికొస్తుంది, ఆ వేడితోనే ఫర్నేస్ నడుస్తుంది. మిగిలిన బొగ్గులో సిలికా ఒకవైపు, కార్బన్ ఒకవైపు. ఆ సిలికాకి కూడా టైర్లలో, రబ్బరులో గిరాకీ ఉంది. రెండూ అమ్మగలిగితే లెక్క మారుతుంది, కార్బన్ ఒక్కటే అమ్మాలంటే మీరన్నదే నిజం.


ఊకదంపుడు:

ఇన్ని సమాధానాలు వస్తాయనుకోలేదు, అందరికీ థాంక్స్. సిలికా లెక్క చూసి ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆరు గ్రాముల కేఓహెచ్‌ని ఇసుకకి ధారపోశామన్నమాట.

ఒక ఇబ్బంది. ట్యూబ్ ఫర్నేస్ పక్క డిపార్ట్‌మెంట్‌లో ఉంది, నెలకి రెండు రోజులే ఇస్తామన్నారు. బొగ్గు చేసే మొదటి దశ మా మఫిల్‌లోనే గాలి లేకుండా చేసే ఉపాయం ఏమైనా ఉందా? కేఓహెచ్ లేకుండా వేరే దారి ఉందా? సోడియం ఐడియా మానేశాం, మావాడు మొట్టికాయ హుందాగా స్వీకరించాడు.


నల్లచేతులు:

ఉంది. చిన్న క్రూసిబుల్‌లో ఊకని అదిమి నింపి మూత పెట్టు. దాన్ని పెద్ద క్రూసిబుల్‌లో ఉంచి చుట్టూ, పైనా మామూలు బొగ్గుపొడి పోసి పెద్దదానికీ మూత పెట్టు. లోపలికొచ్చే ఆక్సిజన్‌ని ముందు ఆ బయటి బొగ్గు తినేస్తుంది, నీ ఊక క్షేమం. కానీ అది తిని వదిలేది కార్బన్ మోనాక్సైడ్. దానికి వాసనా రంగూ ఏవీ ఉండవు, ఎగ్జాస్ట్ లేని గదిలో ఈ పని చేయొద్దు. చల్లారకముందే మూత తీయొద్దు కూడా, తాజా బొగ్గు గాలి తగిలితే తనంతట తానే రాజుకుంటుంది. రాత్రి వదిలేసి పొద్దున తీయి. ఈ పద్ధతి బొగ్గు చేయడం వరకే, కేఓహెచ్ దశకి పనికిరాదు.

కేఓహెచ్ వద్దంటే ఫాస్ఫారిక్ యాసిడ్ ఉంది. 450, 500 డిగ్రీల్లోనే పనవుతుంది, దిగుబడి ఎక్కువ, పొటాషియం లోహం భయం లేదు. అయితే ఊక కన్నా వేరుశనగ తొక్కలకో మొక్కజొన్న కండెలకో బాగా కుదురుతుంది, ఊకలో సిలికా ఎలాగూ కూర్చునే ఉంటుంది కదా. రంధ్రాలు కాస్త పెద్దవి వస్తాయి, కెపాసిటెన్స్ కొంచెం తగ్గొచ్చు. నా మాట వింటే ట్యూబ్ ఫర్నేస్ దొరికే ఆ రెండు రోజుల్లో ఒకరోజు కేఓహెచ్‌కి వాడు, ఈలోపు మిగతా పనంతా పూర్తి చేసుకో.


ఊకదంపుడు:

మూడు వారాల తర్వాత అప్‌డేట్.

రెండు క్రూసిబుల్స్ పద్ధతి పనిచేసింది, పైన తెల్లపొర లేదు. 20 గ్రాముల ఊకకి 7.4 గ్రాములు వచ్చింది, నల్లచేతులు అన్న చెప్పిన ఏడున్నరకి దగ్గరే. స్టీలు గిన్నెలో సోడియం హైడ్రాక్సైడ్‌తో నాలుగు గంటలు ఉడికించి వేడిగా వడకడితే ఈసారి గడగడా దిగిపోయింది, ఆరబెట్టి తూస్తే 3.9 గ్రాములు. వడకట్టిన నీళ్ళు లేత టీ రంగులో ఉన్నాయి. సరదాకి అందులో యాసిడ్ చుక్కలు వేస్తూ పోయాం. పీహెచ్ ఎనిమిది దాటి కిందికి రాగానే మబ్బు పట్టింది, ఇంకాసేపటికి బీకరు తలకిందులు చేసినా కారలేదు. ఆరోజు ఫిల్టర్ మీద మమ్మల్ని ఏడిపించింది ఇదేనా అని మావాడు వేలితో పొడిచి చూశాడు.

ట్యూబ్ ఫర్నేస్‌లో నికెల్ బోటుతో కేఓహెచ్ మూడు రెట్లు వేసి, 750 డిగ్రీల దగ్గర గంట. నైట్రోజన్ రాత్రంతా వదిలాం. తీసేటప్పుడు ట్యూబ్ చివర పలచటి బూడిదరంగు పూత కనిపించింది, గైడ్ గారు పక్కనే ఉండి ఫ్యూమ్ హుడ్‌లో తనే తడిపారు, చిన్న చిటపట తప్ప ఏం కాలేదు. చివరికి 1.8 గ్రాములు.

ఖాళీ నికెల్ ఫోమ్ నడిపి చూశాం. మా పాత 64లో దాదాపు 20 ఫోమ్‌దే! ఇప్పుడు అది తీసేసి, చదరపు సెంటీమీటరుకి 8 మిల్లీగ్రాములు పూసి, రెండు ఎలక్ట్రోడ్ల సెల్‌గా కొలిస్తే ఎలక్ట్రోడ్ లెక్కన గ్రాముకి 168. పేపర్లలో 350 పక్కన చిన్నగా కనిపిస్తుంది గానీ ఇది మాదే. ఎల్ఈడీ 70 సెకన్లు వెలిగింది. పది నిమిషాలు ఊరికే ఉంచితే మాత్రం 3 వోల్టులు 2.3కి పడిపోయింది.


అర‌సీవీస్క్వేర్:

168, అదీ 8 మిల్లీగ్రాముల దగ్గర, మర్యాదైన అంకె. రిపోర్టులో ఆ 64 కూడా ఉంచండి, ఫోమ్ గ్రాఫ్ పక్కనే పెట్టండి. పది నిమిషాల్లో 0.7 పడటం ఎక్కువే. మూడు సెల్స్‌లో ఒకటి మిగతా రెండిటికన్నా ముందు పడుతుందేమో విడివిడిగా చూడండి. మూడూ ఒకేలా పడితే కార్బన్‌ని వేడి హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో ఇంకోసారి కడిగి చూడాలి.


నల్లచేతులు:

ఆ జెల్‌ని పారేశావా? పారేయకపోతే బాగా కడిగి, ఆరబెట్టి, 600 దగ్గర కాల్చి తూచు. తెల్లటి పొడి మూడున్నర గ్రాముల దగ్గర రావాలి. 7.4లోంచి 3.9 పోగా మిగిలింది అదే కదా. రిపోర్టులో ఊక బరువు ఎక్కడెక్కడికి పోయిందో ఒక టేబుల్‌గా వేయొచ్చు. కడిగిన ఉప్పు మిగిలిపోతే బరువు ఎక్కువ చూపిస్తుంది, అది చూసుకో.


ఊకదంపుడు:

పారేయలేదన్నా, మావాడు డబ్బాలో దాచుకున్నాడు. ఓవెన్ శుక్రవారం దాకా ఖాళీ లేదు, తూచాక ఇక్కడే రాస్తాను. సెల్స్ విడివిడిగా చూశాం, రెండోదే దొంగ. సెపరేటర్ అంచు మడతపడి ఉంది.